తెల్లవారుజామున బీచ్‌లో ఇంటిల్లిపాది ఫోటో: మొహాలు నల్లబడకుండా తీయడం ఎలా?

మా ఇంట్లో బీరువా వెనక ఒక ఫోటో ఉంది. ఫ్రేమ్ కట్టించాం కానీ గోడకి ఎక్కించలేదు. విశాఖ ఆర్కే బీచ్‌లో తొమ్మిది మందిమి వరసగా నిలబడి ఉంటాం. వెనక సముద్రం మీద నారింజ రంగులో సూర్యుడు. సూర్యుడు బ్రహ్మాండంగా వచ్చాడు, మేమే రాలేదు. తొమ్మిది నల్లటి ఆకారాలం. వంగిన నడుం చూసి నాన్నమ్మ ఎవరో పోల్చుకోవాలి. ఆ మరుసటి ఏడాది నాన్నమ్మ పోయింది. అందరం కలిసి దిగిన ఆఖరి ఫోటోలో ఆవిడ మొహం లేదు. టైమర్ పెట్టి పరిగెత్తుకెళ్లి నిలబడిన ఘనుణ్ణి నేనే.

ఆ తర్వాత చుట్టాలకీ స్నేహితులకీ ఇదే తీరంలో పొద్దున్నే చాలా ఫోటోలు తీశాను. ఫోన్‌తో తీశాను, కెమెరాతోనూ తీశాను. తెలిసొచ్చింది ఒక్కటే: మనం వెళ్లేది సూర్యుడి కోసం కాదు, ఆ వెలుతురులో మొహాల కోసం. ఎక్కడ నిలబడాలి, ఎన్నింటికి లేవాలి, ఎవరిని ముందు తీయాలి అన్నవన్నీ దాన్నిబట్టే ఉంటాయి. నాకు తెలిసిన తీరం కాబట్టి విశాఖనే ఉదాహరణగా తీసుకుంటున్నాను.

ముందు వెలుతురు సంగతి

సూర్యోదయానికి దాదాపు ఇరవై నిమిషాల ముందే ఆకాశం తెల్లబడుతుంది. అప్పుడు సముద్రం వైపు ఆకాశమంతా ఒక పెద్ద ట్యూబ్‌లైట్‌లా వెలుగుతుంది. నీడలు ఉండవు. ముడతలు, కళ్ల కింద నలుపు అంతగా కనబడవు. పెద్దవాళ్ల మొహాలకి ఇంతకంటే మంచి వెలుతురు స్టూడియోలో కూడా దొరకదు. చాలామంది ఈ ఇరవై నిమిషాలూ సూర్యుడి కోసం ఎదురుచూస్తూ సెల్ఫీలతో గడిపేస్తారు.

సూర్యుడు పైకి వచ్చాక పాతిక ముప్పై నిమిషాలు బంగారు రంగు ఎండ ఉంటుంది. యూట్యూబ్ పాఠాల్లో ‘గోల్డెన్ అవర్’ అంటూ గంట లెక్క చెబుతారు. ఆ వీడియోలు ఎక్కువగా ఉత్తరాన ఉండే చలిదేశాల నుంచి వచ్చినవి. అక్కడ సూర్యుడు వాలుగా, తీరిగ్గా ఎక్కుతాడు. మన దగ్గర దాదాపు నిట్టనిలువుగా లేస్తాడు. విశాఖలో ఉదయించిన అరగంటకే దాదాపు ఆరు డిగ్రీల ఎత్తుకి చేరతాడు. గంట గడిచేసరికి ఎండ తెల్లబడి, అందరూ కళ్లు చికిలించడం మొదలుపెడతారు. అంటే ముందు ఇరవై, తర్వాత ముప్పై కలిపి మనకి ఉన్నది యాభై నిమిషాలే.

ఇక దిక్కు. విశాఖ తీరం ఈశాన్యం నుంచి నైరుతికి ఏటవాలుగా ఉంటుంది, సముద్రం ఆగ్నేయం వైపు. చలికాలంలో సూర్యుడు తూర్పుకి కొంచెం దక్షిణంగా వస్తాడు కాబట్టి సముద్రం వైపు తిరిగితే ఇంచుమించు ఎదురుగానే కనిపిస్తాడు. మే, జూన్ నెలల్లో బాగా ఎడమకి, కైలాసగిరి కొండ వైపుకి జరిగిపోతాడు. ఈ సంగతి తెలియక వేసవిలో వెళ్లి, ఒడ్డున మ్యూజియంగా పెట్టిన సబ్‌మెరైన్ వెనక నుంచి సూర్యుడు వస్తాడని కాచుకుని కూర్చున్నవాళ్లని చూశాను.

మా బీరువా ఫోటోలో తప్పు ఇక్కడే జరిగింది. సముద్రానికి వీపు పెట్టి నిలబడ్డాం. వెలుతురంతా వీపుల మీద పడింది, మొహాలు చీకట్లో ఉండిపోయాయి. పోనీ అందరినీ సముద్రం వైపు తిప్పి మనం నీళ్ల దగ్గర నిలబడి తీస్తే మొహాలు బాగానే వస్తాయి, కానీ వెనక రోడ్డూ, హోటళ్లూ పడతాయి. బీచ్‌కి వెళ్లినట్టే ఉండదు. మధ్యే మార్గం ఒడ్డు వెంబడి తీయడం. ఆర్కే బీచ్‌లో అయితే నేను కైలాసగిరి వైపు నిలబడి, వాళ్లని నా వైపు తిరగమంటాను. వాళ్ల వెనక దూరంగా డాల్ఫిన్స్ నోస్ కొండ, ఫ్రేమ్‌కి ఎడమవైపు సముద్రం వస్తాయి. వెలుతురు వాళ్ల కుడి చెంప మీద పడుతుంది. సముద్రమూ ఉంటుంది, మొహమూ ఉంటుంది. ఇదే ఫోటోని ఎదురు దిశలో, అంటే కైలాసగిరి వెనక పడేలా తీస్తే చలికాలంలో వెలుతురు కాస్త వెనక నుంచి పడి మొహాలు మసకబారతాయి.

గోవాలోనో, అమెరికాలో కాలిఫోర్నియా ఒడ్డునో ఉన్నవాళ్లకి లెక్క తిరగబడుతుంది. అక్కడ సముద్రం పడమర. పొద్దున సూర్యుడు నేలవైపు నుంచి వస్తాడు. సముద్రానికి వీపు పెట్టి నిలబడినా మొహాల మీద హాయిగా వెలుతురు పడుతుంది. నీళ్ల మీద ఎర్రటి సూర్యుడు మాత్రం సాయంత్రమే దొరుకుతాడు.

పది రోజుల ముందు: రోజు, చోటు

విశాఖలో సూర్యోదయం జూన్ మొదట్లో సుమారు 5.20కి, అక్టోబర్ మధ్యలో 5.50కి, డిసెంబర్ మధ్యలో 6.20కి, జనవరి మధ్యలో 6.30కి. చిన్నపిల్లలున్న ఇంటికి జూన్‌లో ఇది ఎంత కష్టమో విడిగా చెప్పక్కర్లేదు. నాలుగింటికి లేపితే పిల్లలు ఫోటోలో ఏడుస్తూనే ఉంటారు. నా ఓటు నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా. ఆకాశం తేటగా ఉంటుంది, ఉక్కపోత ఉండదు. అక్టోబర్, నవంబర్ నెలల్లో తుపాన్ల భయం ఉంది కాబట్టి ఇంకో రోజు కూడా మనసులో పెట్టుకోండి.

ఆదివారం వద్దు. కార్తీక మాసంలో సోమవారాలు, పౌర్ణమి, శివరాత్రి మర్నాడు వద్దే వద్దు. సముద్ర స్నానాలకి జనం తెల్లవారకముందే వస్తారు. డిసెంబర్ 4 నేవీ డే. నేవీ విన్యాసాలు విశాఖలో జరిగే ఏడాది, వాటికి కొన్ని రోజుల ముందు నుంచీ ఆర్కే బీచ్‌లో రిహార్సల్స్, ట్రాఫిక్ మళ్లింపులు ఉంటాయి. మంగళ, బుధవారాలు ప్రశాంతం. హైదరాబాద్ నుంచి రాత్రి రైల్లో దిగి నేరుగా బీచ్‌కి వెళ్లిపోదామనే ప్లాన్ మాత్రం మానుకోండి. రైలు ఆలస్యం కావచ్చు. సమయానికి వచ్చినా, బెర్తు మీద నలిగిన మొహాలు అలాగే ఫోటోలో పడతాయి.

చోటు విషయానికొస్తే, పెద్దవాళ్లు ఉంటే ఆర్కే బీచ్‌కే వెళ్లండి. కారు దిగితే నాలుగు అడుగుల్లో ఇసుక, కూర్చోడానికి గట్టు, దగ్గర్లో టీ. ఉదయం పూట బీచ్ రోడ్డు నడకవాళ్లది. కొంత మేర వాహనాలు ఆపేస్తారు కాబట్టి పక్క వీధిలో పార్కింగ్ ముందే చూసుకోండి. రుషికొండ ఇసుక శుభ్రంగా ఉంటుంది, 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చిన బీచ్ అది. పిల్లలకి నచ్చుతుంది. భీమిలి సుమారు 25 కిలోమీటర్లు. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట నీళ్లు, పడవలు, పాత డచ్ వాళ్ల సమాధులు అన్నీ దగ్గర దగ్గరగా ఉంటాయి. జనం తక్కువ. యారాడ అందమైనదే, మూడు వైపులా కొండలు. కానీ చీకట్లో ఘాట్ రోడ్డు దిగాలి, అలలు మొరటుగా ఉంటాయి. నాన్నమ్మలతో, పసిపిల్లలతో నేను వెళ్లను.

వేరే ఊళ్లవాళ్లు బాపట్ల దగ్గర సూర్యలంక, బందరు దగ్గర మంగినపూడి, నెల్లూరు దగ్గర మైపాడు చూసుకోవచ్చు. వెళ్లే ముందు మ్యాప్ తెరిచి ఒడ్డు ఏ దిక్కుకి ఉందో చూడండి. తూర్పు తీరం అన్నంత మాత్రాన ప్రతి ఒడ్డూ తూర్పుకి చూడదు.

డ్రోన్ సంగతి చాలామంది అడుగుతారు. విశాఖ తూర్పు నౌకాదళానికి కేంద్రం. అనుమతి లేకుండా ఎగరేస్తే ఫోటోలు తీసుకున్నంత సేపట్లో ఆ తలనొప్పి తేలదు. వదిలేయండి.

పోటు, పాటు చూసుకోవడం

ఇక్కడ సముద్రం రోజుకి రెండుసార్లు పోటు మీద ఉంటుంది, రెండుసార్లు పాటు మీద ఉంటుంది. ఈ వేళలు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి. పాటు సమయం సూర్యోదయానికి దగ్గరగా పడిన రోజు దొరికితే అదృష్టం. నీళ్లు వెనక్కి వెళ్లి, గట్టిగా చదునుగా ఉండే తడి ఇసుక విశాలంగా బయటపడుతుంది. దాని మీద ఆకాశం రంగు అద్దంలో పడినట్టు పడుతుంది. పోటు మీద ఉంటే మెత్తటి ఏటవాలు ఇసుకలోనే కుస్తీ పట్టాలి.

ఈ వేళలు ఫోన్‌లో ఏ టైడ్ యాప్‌లోనైనా దొరుకుతాయి. అలల ఎత్తు, ఉధృతి గురించి హెచ్చరికలిచ్చేది హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ. ముందు రోజు సాయంత్రం దాని వెబ్‌సైట్ ఒకసారి చూడండి. హెచ్చరిక ఉంటే ఫోటో వాయిదా. ఇందులో బేరం లేదు.

ఆర్కే బీచ్‌లో కొన్ని చోట్ల ఇసుక కోసుకుపోయి, రెండడుగులు వేస్తే ఒక్కసారిగా లోతు వస్తుంది. ఇది తెల్లవారుజామున మసక వెలుతురులో కనబడదు. అందుకే ముందు రోజు సాయంత్రం ఒక్కరైనా వెళ్లి చోటు చూసి రావాలి. ఫోటో తీసేటప్పుడు అందరి కళ్లూ కెమెరా మీదే ఉంటాయి కాబట్టి, సముద్రాన్ని చూడటానికే ఒక మనిషిని పెట్టండి. మా బావకి ఈ ఉద్యోగం ఇచ్చాను. పెద్ద అల కనబడితే ‘కాళ్లు!’ అని అరుస్తాడు. అందరూ నవ్వుతూ వెనక్కి గెంతుతారు. ఆ గెంతులో దొరికిన ఫోటోలు కొన్ని చాలా బాగున్నాయి కూడా.

బట్టలు

అందరూ తెల్లటి డ్రెస్ వేసుకోవడం ఈమధ్య ఫ్యాషన్. తెల్లవారే ముందు ఆకాశం, నురుగు, ఇసుక అన్నీ పాలిపోయి ఉంటాయి. వాటి మధ్య తెలుపు కలిసిపోతుంది. అందరికీ ఒకే రంగు వేస్తే స్కూల్ యానివర్సరీలా ఉంటుంది. మూడు నాలుగు రంగులు అనుకుని, ఎవరికి నచ్చింది వాళ్లని వేసుకోనివ్వండి. ఆవపిండి పసుపు, ఇటుక ఎరుపు, నేరేడు రంగు, ముదురాకుపచ్చ ఆ బూడిద నీలం ముందు బాగా పలుకుతాయి. నియాన్ రంగులు వద్దు, వాటి రంగు పక్కవాళ్ల గడ్డం మీద పడుతుంది.

పట్టుచీరలు ఇంట్లోనే ఉంచండి. ఉప్పునీటి చుక్క ఎండితే మచ్చ పడుతుంది. ‘పర్లేదు, జాగ్రత్తగా నిలబడతాను’ అని ప్రతి అత్తయ్యా అంటుంది. అల ఎవరి మాటా వినదు. మంగళగిరి నేత చీరలు, పొందూరు ఖద్దరు లాంటివి గాలికి అందంగా కదులుతాయి, తడిసినా ఉతుక్కోవచ్చు. కుచ్చిళ్లు చీలమండ పైకి కట్టుకోండి, పవిట పిన్ను పెట్టుకోండి.

గాలి సంగతి కూడా చెప్పాలి. చలికాలపు తెల్లవారుజామున గాలి ఎక్కువగా నేలవైపు నుంచి సముద్రం వైపు మెల్లగా వీస్తుంది. ఎండెక్కాక తిరగబడి సముద్రం మీద నుంచి గట్టిగా కొడుతుంది. నేను చెప్పినట్టు ఒడ్డు వెంబడి నిలబడితే గాలి ఎడమ చెంప వైపు నుంచి వస్తుంది. ఆ వైపు జుట్టుకి ఒక క్లిప్పు పెడితే సగం ఫోటోలు బతికిపోతాయి. వానాకాలంలో గాలి ఉధృతం వేరు, అప్పుడు జడే శరణ్యం.

ముందు రోజు రాత్రి

బ్యాటరీలు ఛార్జింగ్, మెమరీ కార్డు ఖాళీ, ఫోన్‌లో కనీసం ఐదారు జీబీ చోటు. ఇవి అందరికీ తెలిసినవే, అయినా ఎవరో ఒకరు మర్చిపోతారు.

అంతగా తెలియనిది ఇది: కెమెరాని ఏసీ గదిలో పడుకోబెట్టకండి. విశాఖ గాలిలో తేమ ఎక్కువ. చల్లబడిన లెన్స్ బయటికి రాగానే దాని మీద ఆవిరి పట్టేస్తుంది. తుడిస్తే మళ్లీ పడుతుంది. అది వేడెక్కేదాకా పావుగంట, ఇరవై నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చోవాలి. తెల్లవారే ముందు మనకున్న మెత్తటి వెలుతురే ఇరవై నిమిషాలు. బ్యాగ్‌ని రాత్రంతా బాల్కనీ పక్క గదిలో పెట్టండి, కారులో కూడా ఏసీ వేయకండి. ఫోన్లకీ ఇదే వర్తిస్తుంది.

బ్యాగ్‌లో ఇంకా ఏం పెట్టాలంటే: లెన్స్ తుడిచే రెండు మెత్తటి గుడ్డలు, రెండు పాత తువ్వాళ్లు, ఫ్లాస్కులో పాలు, బిస్కెట్లు, టార్చ్, మడత కుర్చీ లేదా ప్లాస్టిక్ కుర్చీ, రెండు చెక్కముక్కలు, ఒక తెల్ల పంచె. చెక్కముక్కలు కుర్చీ కాళ్ల కింద పెట్టడానికి. ఇసుకలో కుర్చీ ఒక పక్కకి కుంగితే పెద్దవాళ్లు పడిపోతారన్న టెన్షన్‌తో బిగుసుకుపోతారు, అది మొహంలో తెలుస్తుంది. పంచె ఎందుకో కాసేపట్లో చెబుతాను.

కెమెరా, ఫోన్ అమరిక

ఫోన్ అయితే గ్రూప్ ఫోటోకి అల్ట్రా వైడ్ లెన్స్ వాడకండి. అంచున నిలబడినవాళ్లు అడ్డంగా సాగిపోతారు, చివర్న ఉన్న పిన్ని జన్మలో క్షమించదు. మామూలు లెన్స్ పెట్టి నాలుగడుగులు వెనక్కి వెళ్లండి. పోర్ట్రెయిట్ మోడ్ గ్రూపులకి పనికిరాదు, వెనక వరసని మసక చేసేస్తుంది. మొహం మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుతురు రెండూ లాక్ అవుతాయి. తర్వాత పక్కన వచ్చే గీతని కొంచెం పైకి జరిపితే మొహాలు తేటపడతాయి. ఆకాశం కాస్త తెల్లబడినా బాధ లేదు.

కెమెరా ఉన్నవాళ్లకి: సూర్యోదయానికి కాస్త ముందు ఎఫ్ 4 (లెన్స్ ఎంత తెరుచుకోవాలో చెప్పే అంకె), షట్టర్ 1/125 (సెకనులో 125వ వంతు), ఐఎస్ఓ 1600 (వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) దగ్గర మొదలుపెట్టి, ఫోటో చీకటిగా వస్తే ఐఎస్ఓ పెంచండి. రెండు వరసలుంటే ఎఫ్ 5.6కి వెళ్లి ఐఎస్ఓ పెంచండి. కొంచెం గ్రెయిన్ (రవ్వలాంటి చుక్కలు) వచ్చినా పర్లేదు, మొహం కదిలితే దాన్నిక బాగుచేయలేం. ఎండ వచ్చాక గ్రూపులకి 1/250, పరిగెత్తే పిల్లలకి 1/500 లేదా ఇంకా ఎక్కువ. రా ఫార్మాట్‌లో (కెమెరా దిద్దకుండా, కుదించకుండా దాచే ఫైల్) తీస్తే తర్వాత దిద్దుకోడానికి చోటు ఉంటుంది. బీచ్‌లో లెన్స్ మార్చొద్దు. ఒక్క ఇసుక రేణువు చాలు.

ఇప్పుడు అందరూ చేసే తప్పు ఒకటి. కెమెరాని మన కంటి ఎత్తులో పట్టుకుని తీస్తాం. చదునైన చోట సముద్రపు అంచు గీత ఎప్పుడూ కెమెరా ఎత్తులోనే కనబడుతుంది. అంటే మన ఎత్తున్న వాళ్లందరి కళ్ల మీదుగా ఆ గీత పోతుంది, తలల్లో బాణం గుచ్చినట్టు. కెమెరాని ఛాతీ ఎత్తుకో, ఇంకాస్త కిందికో దించండి. గీత భుజాల కిందకి వెళ్లిపోతుంది, తలలన్నీ ఖాళీ ఆకాశం మీద తేటగా నిలుస్తాయి. స్క్రీన్ మీద గ్రిడ్ గీతలు పెట్టుకుంటే సముద్రం ఒక పక్కకి ఒలికిపోకుండా ఉంటుంది.

మీరు కూడా ఫోటోలో ఉండాలంటే ట్రైపాడ్ కాళ్లని ఇసుకలోకి బాగా దిగేసేదాకా నొక్కండి. టైమర్ పది సెకన్లు, ఒక్కసారికి ఐదు పది ఫోటోలు పడేలా. మెత్తటి ఇసుకలో పరుగు ఎంత కష్టమో చేసి చూస్తే తెలుస్తుంది, అందుకే బ్లూటూత్ రిమోట్ కొనుక్కోమంటాను.

ఆ గంటన్నర ఎలా గడవాలి

డిసెంబర్ మధ్యలో 6.20 సూర్యోదయం అనుకుందాం. వరస గుర్తుపెట్టుకోండి: పెద్దవాళ్లు ముందు, పిల్లలు తర్వాత. పొడి బట్టలు ముందు, తడి తర్వాత. అందరూ ముందు, జంటలు తర్వాత.

5.40కి ఒడ్డు మీద ఉండాలి. చెప్పులన్నీ ఒకచోట, ఫ్రేమ్‌కి దూరంగా పెట్టండి. చెప్పుల కుప్ప వెనక మూలలో పడి ఎన్ని ఫోటోలు పాడయ్యాయో లెక్కలేదు. తడి ఇసుక మీద ఇంకా ఎవరూ నడవని చోటు ఒకటి గుర్తుపెట్టి, అటు ఎవరినీ వెళ్లనివ్వకండి. అడుగుజాడలు పడితే మళ్లీ అల వచ్చి చెరిపేదాకా ఆగాలి.

6 గంటలకి పెద్దవాళ్లని కూర్చోబెట్టండి. మొదటి ఫోటో తాతయ్య, నాన్నమ్మ ఇద్దరే. అప్పటికి పిల్లలు గోల మొదలుపెట్టి ఉండరు, ఎవరూ వాళ్లని తొందరపెట్టరు. మా మావయ్యనీ అత్తయ్యనీ అలా కూర్చోబెట్టినప్పుడు ఇద్దరూ పాస్‌పోర్టు ఫోటోకి దిగినట్టు బిగుసుకుపోయారు. నేను కెమెరా దించేసి, ‘మావయ్యా, అత్తయ్య చేతికి ఇసుక అంటింది, కాస్త దులుపు’ అన్నాను. ఆయన నిజంగానే ఆవిడ చేయి తీసుకుని, గాజుల మధ్య నుంచి ఇసుక దులపడం మొదలుపెట్టాడు. ఆవిడ ‘చాల్లే, అందరూ చూస్తున్నారు’ అంటూ చేయి లాక్కోలేదు. ఆ రోజు తీసిన నాలుగు వందల ఫోటోల్లో అందరూ అడిగి తీసుకున్నది అదే. ‘నవ్వండి’ అంటే ఎవరూ నవ్వరు. చేతులకి ఏదో ఒక పని ఇవ్వాలి.

6.08 నుంచి 6.18 దాకా అందరూ కలిసిన ఫోటో. కూర్చున్నవాళ్ల చుట్టూ మిగతావాళ్లు, భుజాలు ఒకరికొకరు ఆనేలా, మధ్య ఖాళీలు లేకుండా. ఇసుక వాలుగా ఉంటే పొడుగువాళ్లని పల్లం వైపు నిలబెట్టండి. తొమ్మిది మందిలో ఎవరో ఒకరు కన్ను మూస్తారు. అందరినీ కళ్లు మూసుకోమని, మూడు అంకెలు లెక్కపెట్టి తెరవమని చెప్పి, తెరిచిన క్షణంలో వరసగా పది తీయండి. తర్వాత ‘మీలో ఎక్కువ గురక పెట్టేది ఎవరు?’ అని అడగండి. అన్ని వేళ్లూ ఒకరి వైపే వెళ్తాయి, అందరూ నవ్వుతారు. అదే తీయాల్సిన ఫోటో.

6.20కి సూర్యుడు. తీరా ఆ వేళకి సముద్రం మీద మబ్బు గీత అడ్డుపడి, ఐదు పది నిమిషాలు ఆలస్యంగా కనబడటం ఇక్కడ మామూలే. కనబడగానే అందరూ ‘అదిగో’ అంటూ అటు తిరుగుతారు, తిరగనివ్వండి. నల్లటి ఆకారాల ఫోటో కావాలంటే ఇప్పుడే, కావాలనే తీయండి. మనుషుల మధ్య ఖాళీ ఉండాలి, పక్కకి తిరిగి ముక్కూ గడ్డం తెలియాలి, వెలుతురు ఒక మెట్టు తగ్గించాలి. చేయిపట్టుకుని నడిచే నాన్నా కూతురూ అయితే చక్కగా వస్తుంది. ఐదు నిమిషాలు చాలు. సూర్యుణ్ణి అరచేతిలో పట్టుకునే ఫోటో కావాలని ఎవరో ఒకరు అడుగుతారు. తీసి పెట్టేస్తే ఒక పనైపోతుంది.

6.25 నుంచి బంగారు ఎండ. జంటలు, అక్కచెల్లెళ్లు, తల్లీబిడ్డలు. మళ్లీ ఒడ్డు వెంబడి నిలబెట్టండి. ఇప్పుడు ఎండ ఒక చెంప మీదే పడి రెండో చెంప నల్లబడుతుంది. పంచె బయటికి తీయండి. ఇద్దరు మనుషులు నేలవైపు నిలబడి, ఫ్రేమ్‌లో పడకుండా దాన్ని తెరలా పట్టుకుంటే ఎండ దాని మీద పడి నీడవైపు మొహాన్ని వెలిగిస్తుంది. ఇద్దరు ముగ్గుర్ని తీసేటప్పుడు దీని తేడా కళ్లకి కట్టినట్టు కనబడుతుంది, పెద్ద గ్రూపుకి చాలదు. థర్మోకోల్ షీట్ కూడా ఇదే పని చేస్తుంది కానీ గాలికి ఎగిరిపోయి సముద్రంలో చెత్త అవుతుంది.

6.45 తర్వాత నియమాలేవీ లేవు. పిల్లల్ని వదిలేయండి. చీలమండ లోతు దాటకుండా, ప్రతి పిల్లకీ ఒక పెద్ద మనిషి. మీరు మోకాళ్ల మీద కూర్చుని వాళ్ల ఎత్తులో తీయండి. కెమెరా వైపు చూడమని అడగొద్దు. పీతల బొరియలు వెతకమంటే పది నిమిషాలు మీరున్న సంగతే మర్చిపోతారు. బిస్కెట్లు ఈ వేళకే బయటికి తీయాలి. ముందే తీస్తే అన్ని ఫోటోల్లోనూ మూతికి పొడి, పైగా చుట్టూ కుక్కలు.

జాలరులుండే పెద జాలరిపేట వైపు ఉంటే ఈ వేళకి పడవలు ఒడ్డు చేరుతుంటాయి, ఒక్కోసారి అలివి వల (ఒడ్డు నుంచి లాగే పెద్ద వల) లాగుతుంటారు. రంగురంగుల పడవల ముందు ఫోటో బాగుంటుంది. పడవ ఎక్కే ముందు, ఆనుకునే ముందు అడగండి. వల మీద కాలు వేయకండి. వాళ్లకి అది పనివేళ, మనకే సరదా. అడిగితే ఎవరూ కాదనలేదు నాకు. తిరిగి వచ్చేటప్పుడు చేపలు కొంటే ఇంకా మంచిది.

ఆకాశం మబ్బు పట్టి సూర్యుడే రాకపోతే? వెనక్కి వెళ్లకండి. మబ్బు రోజున ఆ మెత్తటి వెలుతురు ఇరవై నిమిషాలకి బదులు రెండు గంటలు ఉంటుంది. వాన పడితే తప్ప మొహాలకి అంతకంటే ఏం కావాలి.

తిరిగొచ్చాక

కాళ్ల ఇసుక పూర్తిగా ఆరాక దులపండి, తడిగా ఉన్నప్పుడు రుద్దితే పోదు. కెమెరాని ముందు ఊది, తర్వాత కొద్దిగా తడిపి పిండిన గుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టండి. లెన్స్ మీద ఇసుక ఉండగా తుడిస్తే గీతలు పడతాయి. ట్రైపాడ్ కాళ్లు మంచినీళ్లతో కడగకపోతే వారంలో ఉప్పు పట్టి బిగుసుకుపోతాయి. ఇవన్నీ టిఫిన్‌కి ముందే. టిఫిన్ తిన్నాక ఎవరూ చేయరు, నిద్రపోతారు.

నాలుగు వందల ఫోటోలు తీస్తే ఇరవై మిగలాలి. మొదటి విడతలో కళ్లు మూసినవి, కదిలినవి తీసేయండి. రెండో విడత మర్నాడు చూడండి. ఇంట్లో ఎవరో ఒకరు ‘నేను ఇందులో లావుగా ఉన్నాను’ అంటారు, ఆ మాట విని మంచి ఫోటో తీసేయకండి. మార్పులు తక్కువ చేయండి: కొంచెం వెచ్చటి రంగు, నీడల్లో కొంచెం వెలుతురు, సముద్రపు గీత తిన్నగా. చర్మం నునుపు చేసే ఫిల్టర్ పెద్దవాళ్ల మీద వాడితే వాళ్లలా ఉండరు.

ఫ్యామిలీ గ్రూపులో వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు బాగా తగ్గిపోతుంది. ప్రింట్ వేయించుకునేవాళ్లకి డాక్యుమెంట్‌గా పంపండి. 12 మెగాపిక్సెల్ ఫోన్ ఫోటో 12×9 అంగుళాలకి ఢోకా లేకుండా వస్తుంది. 18×12 కూడా గోడ మీద కాస్త దూరం నుంచి చూస్తే బాగానే ఉంటుంది. మ్యాట్ పేపర్ అడగండి, నిగనిగలాడే పేపర్ మీద హాల్లో ట్యూబ్‌లైట్ మెరుస్తుంది.

ప్రింట్ చేతికి రాగానే వెనకవైపు తేదీ, ఊరు, ఎడమ నుంచి కుడికి అందరి పేర్లూ రాయండి. మెత్తటి పెన్సిల్‌తోనే. బాల్‌పెన్‌తో నొక్కి రాస్తే ముందువైపు గీత తేలుతుంది.